బిగింపురావు గాలపుకర్ర

ప్రపంచంలో జరిగే అనర్థాలన్నిటికీ వదులుతనమే మూలమని బిగింపురావు నమ్మకం. వదులైన కుళాయి కారుతుంది, వదులైన మేకు ఊడుతుంది, వదులైన నోరు పరువు తీస్తుంది. అందుకని చేయి వేసిన ప్రతి వస్తువునూ ఇంకొకరు విప్పలేనంతగా బిగించేస్తే గానీ అతను ఊపిరి పీల్చుకోడు.

ఈ పేరు అతనికి తల్లిదండ్రులు పెట్టింది కాదు. జామ్ ఫ్యాక్టరీలో సీసాల మూతలు బిగిశాయో లేదో చూడటం అతని ఉద్యోగం. అతను సరేనన్న సీసా కొనుక్కున్నవాళ్ళు జామ్ తినాలంటే ముందు కొంత కసరత్తు చేయాలి. పేరు ఫ్యాక్టరీలో పుట్టి, వీధిలోకి నడిచొచ్చి, చివరికి ఇల్లాలి చెవిన కూడా పడింది. ఆవిడ మొగుణ్ణి ఎదురుగా 'ఏవండీ' అనే పిలుస్తుంది. రెండో పేరును వంటింట్లో, తనలో తాను మాట్లాడుకునేటప్పుడు వాడుకుంటుంది.

ఇంట్లో ఏ డబ్బా మూతైనా అతనే బిగిస్తాడు, అతనే తీస్తాడు. పంచదార కావాల్సినప్పుడల్లా తనను పిలవక తప్పదు కాబట్టి ఇంట్లో తన మాటకు ఢోకా లేదని అతని ధీమా. ఆ మూతను తలుపు సందులో ఇరికించి తీయడం ఆవిడ ఎప్పుడో నేర్చుకుంది. పాపం, ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇంతటి మనిషికి ఉన్న వ్యసనం ఒక్కటే, చేపలు పట్టడం. కొట్లో అమ్మే గాలపుకర్రల మీద అతనికి నమ్మకం లేదు, ఎవరు బిగించారో ఏమో అంటాడు. అందుకని సొంతంగా చేసుకుంటాడు. సన్నటి ఫైబరు కర్ర తెచ్చి, నైలాన్ తీగ దూరి సాగడానికి దానిమీద వరసగా చిన్న చిన్న రింగులు పెట్టి, ఒక్కో రింగు కాలునూ, అంటే కర్రకు ఆనే రేకునూ, దారంతో కర్రకు చుట్టి, పైన వార్నిషు పూయాలి. చెప్పుకోవడానికి ఇది ఒక్క వాక్యం. చేయడానికి భోజనాల బల్ల మొత్తం కావాలి.

ఆ ఇంట్లో పెద్ద బల్ల ఒక్కటే ఉంది, హాల్లో కిటికీ పక్కన. దానిమీద ఆవిడకీ కన్నుంది. ఆవిడ ఇంట్లోనే కర్టెన్లు, దిండు గలీబులు కుడుతుంది. బట్ట పరిచి కత్తిరించడానికి ఆవిడకు బల్ల కావాలి, కర్రను పడుకోబెట్టి చుట్టడానికి అతనికి బల్ల కావాలి. భోజనాల బల్ల మీద భోజనానికి మాత్రం చోటు లేక ఇద్దరూ పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు.

"పళ్ళ డాక్టరమ్మ తన ఆస్పత్రి కిటికీలన్నిటికీ కర్టెన్లు నన్నే కుట్టమంది," అంది ఆవిడ ఒకరోజు టీ అందిస్తూ. "ఈ బల్ల ఖాళీ చేయండి. నేలమీద వంగి కత్తిరించలేక నడుము వంకరపోతోంది."

"నేలమీద పెడితే కర్ర కూడా వంకరపోతుంది."

"అంటే నా నడుము కన్నా మీ కర్ర ఎక్కువా?"

"అది కాదోయ్. నడుమైతే మళ్ళీ దానంతటదే సర్దుకుంటుంది."

ఆ పూట నుంచి టీలో పంచదార తగ్గింది. మూత రావడం లేదని చెప్పింది గానీ, వచ్చి తీయమని మాత్రం అడగలేదు.

ఈ తగువు మధ్యలోకి ఆవిడ తమ్ముడు వచ్చి పడ్డాడు. వేసుకునే చొక్కా దగ్గర నుంచి తొక్కే సైకిలు దాకా ప్రతిదీ తళతళలాడకపోతే అతనికి తోచదు, అందుకే అందరూ మెరుపు అంటారు. నిరుడు సరస్సు గట్టు మీద జరిగిన చేపల పోటీలో అతను బావ పక్కనే కూర్చున్నాడు. బావ గాలానికి పెద్ద చేప తగలడం చూశాడు, అది లాగిన లాగుకు బావ కర్ర సరిగ్గా రింగు దగ్గర ఫెళ్ళున విరగడమూ చూశాడు. "చేప బతికింది, కర్ర పోయింది బావా," అని అతనంటే గట్టు గట్టంతా నవ్వింది. ఆ నవ్వు బిగింపురావు చెవుల్లో ఏడాది పొడుగునా మోగుతూనే ఉంది. దారం వదులు కావడం వల్లే కర్ర విరిగిందని అతను తేల్చుకుని, ఈసారి ఇంకా బిగించాలని ఒట్టు పెట్టుకున్నాడు.

"వచ్చే ఆదివారం మళ్ళీ పోటీ ఉంది కదా," అన్నాడు మెరుపు, ఇద్దరి వాదనా విన్నాక. "బావ కర్ర విరిగితే బల్ల అక్కది. విరక్కపోతే బావది. గొడవ తేలిపోతుంది."

బిగింపురావుకు రోషం పొడుచుకొచ్చింది. "కర్ర నిలబడితే ఈ బల్ల ఇక శాశ్వతంగా గాలపుకర్రలదే. వేరే ఏదీ దీనిమీద పెట్టడానికి వీల్లేదు. ఒక్క గుడ్డముక్క కూడా."

"మాట మీద ఉంటారా?" అంది ఆవిడ.

"నా మాట నా మూతలాంటిది. ఒకసారి పడిందంటే నేనే విప్పలేను."

"విన్నావుగా, నువ్వే సాక్షివి," అంది ఆవిడ తమ్ముడితో.

మర్నాడే బిగింపురావు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి బల్ల ముందు కూర్చున్నాడు. రింగులు చుట్టడంలో కష్టమంతా దారం బిగువులోనే ఉంది. ఒక చేత్తో కర్ర తిప్పాలి, రెండో చేత్తో రింగు కాలు కదలకుండా పట్టుకోవాలి. దారాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువున ఆపి ఉంచడానికి మూడో చెయ్యి కావాలి. మనిషికి రెండే చేతులు పెట్టి వదిలేయడం ఎంత అజాగ్రత్త పనో అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

మొదట నిఘంటువు తెచ్చాడు. దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి పోనిచ్చి, ఆ బరువుతో బిగువు రప్పించడం ఈ పనిలో పాత పద్ధతి. అందరికీ సరిపోయే ఆ బరువు అతనికి చాలలేదు. నిఘంటువు మీద ఇస్త్రీపెట్టె పెట్టాడు, ఇస్త్రీపెట్టె మీద జామ్ సీసాలు పేర్చాడు. కర్ర తిప్పితే దారం రాలేదు. బలంగా తిప్పాడు. నిఘంటువు వచ్చింది, దాని వెనకే ఇస్త్రీపెట్టె వచ్చింది, సీసాలూ వచ్చాయి. సీసాలు పగిలాయి గానీ మూత ఒక్కటీ ఊడలేదు. కాలి బొటనవేలు పట్టుకుని గెంతుతూ కూడా అతను ఆ సంగతి గమనించి గర్వపడ్డాడు.

"ఏమిటండీ ఆ చప్పుడు?" అని వంటింట్లోంచి వినబడింది.

"నిఘంటువులో ఓ మాట చూస్తున్నాను."

"దొరికిందా?"

"దొరికింది. కాలిమీదే పడింది."

తర్వాత కప్పు వంతు వచ్చింది. దారపు రీలును కప్పులో వేస్తే నెమ్మదిగా తిరుగుతూ దారం వదులుతుందని ఎవరో చెప్పారు. రీలు కప్పులో గిరగిరా తిరిగి, ఎగిరి బయటపడి, సోఫా కిందికి దొర్లిపోయింది. వెనకాల దారం మెలికలు మెలికలుగా పరుచుకుంది. వదులు దారాన్ని అంత పొడుగున ఒకేసారి చూసేసరికి బిగింపురావుకు ఒంట్లో బాగోలేనట్టనిపించి కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

చివరికి పళ్ళే గతి అయ్యాయి. దారాన్ని ముందు పళ్ళ మధ్య ఇరికించుకుని కర్ర తిప్పడం మొదలుపెట్టాడు. అద్భుతంగా కుదిరింది. ఎంత బిగువు కావాలంటే అంత కొరకడమే. ఇబ్బందల్లా ఒకటే, మొదలెట్టిన రింగు పూర్తయి దారం కొస లోపలికి లాగేదాకా నోరు తెరవకూడదు. తెరిస్తే చుట్టిందంతా విడిపోతుంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడు ఎదురు మాట్లాడలేని స్థితిలో ఆవిడకు ఎన్నడూ దొరకలేదు. వంటింటి స్టూలు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"మా తమ్ముడు రేపు వచ్చి ఆదివారం దాకా ఉంటాడట. రమ్మన్నాను. మీకు ఇష్టం లేకపోతే చెప్పండి."

బిగింపురావు కళ్ళతో చెప్పాడు. కనుబొమలతో చెప్పాడు. కొంత చెవులతో కూడా చెప్పాడు.

"మౌనం అర్ధాంగీకారం," అంది ఆవిడ. "ఇంకో సంగతి. మోచేతుల దగ్గర చిరిగిన ఆ ఆకుపచ్చ కోటును మసిగుడ్డలకి తీసేస్తున్నాను. వద్దంటే వద్దనండి."

"మ్మ్," అన్నాడతను.

"మంచిదండీ."

సరిగ్గా అప్పుడే కిటికీల కొలతల కోసం ఆవిడను తీసుకెళ్ళడానికి పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. లోపల అడుగు పెట్టగానే ఆమె చూపు బిగింపురావు నోటి దగ్గర ఆగిపోయింది. దగ్గరికొచ్చి, వంగి, అతని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఎప్పటి నుంచి ఇలా ఉన్నారు?" అని అడిగింది.

"పొద్దున్నుంచీ," అంది ఆవిడ.

"ఇలాగే చేస్తే ముందుపళ్ళకు గాడి పడుతుంది. నాకు పని దొరుకుతుంది కాబట్టి వద్దని గట్టిగా చెప్పలేను."

"పనంటే గుర్తొచ్చింది డాక్టరమ్మగారూ. ఈయనది ఓ పాత వాలుకుర్చీ ఉంది. మీ ఆస్పత్రిలో వచ్చినవాళ్ళు కూర్చోవడానికి పనికొస్తుందేమో చూడండి. ఈయనేమీ అనరు. మీరే చూస్తున్నారుగా, ఏమీ అనడం లేదు."

"ఆ కుర్చీ మా నాన్నది," అన్నాడు బిగింపురావు.

అంతే, చుట్టిందంతా విడిపోయింది. దారం కర్ర మీంచి చేతి మీదికి, చేతి మీంచి ఒళ్ళోకి జారింది. రింగు ఎగిరి డాక్టరమ్మ సంచిలో పడింది. కుర్చీ దక్కింది గానీ, బావమరిది రాక, కోటు పోక మాత్రం ఖాయమైపోయాయి.

ఆడవాళ్ళిద్దరూ కిటికీలు కొలవడానికి వెళ్ళిపోయారు. పళ్ళు జివ్వుమంటుంటే బుగ్గ పట్టుకుని కూర్చున్న బిగింపురావుకు గది మూలనున్న కుట్టుమిషను కనబడింది. రీలు నుంచి వచ్చిన దారం రెండు గుండ్రటి బిళ్ళల మధ్య దూరి సూదిలోకి పోతోంది. బిళ్ళలను ఓ చిన్న స్ప్రింగు నొక్కి పట్టింది, స్ప్రింగును ఓ మర నొక్కి పట్టింది. టైలర్లు దీన్ని టెన్షన్ అంటారు. లేచి వెళ్ళి దారం లాగి చూశాడు. ఎక్కడా ఆగకుండా, ఎక్కడా జారకుండా, ఒకే తీరుగా వచ్చింది. తను వెతుకుతున్న మూడో చెయ్యి ఇన్నాళ్ళూ పెళ్ళాం మిషను మీదే ఉందని తెలిసి అతనికి కడుపు మండిపోయింది.

ఆవిడ తిరిగొచ్చేలోగా దాన్ని విప్పి, బల్లకు తగిలించి, రింగులు చుట్టేసుకుని, ఎక్కడిదక్కడ పెట్టేస్తే సరి. ఇది దొంగతనం కాదు, అరువు అని మనసుకు చెప్పుకున్నాడు. అడిగి తీసుకోవచ్చు కదా అని మనసు అంది. పందెంలో అవతలి పక్షాన్ని పనిముట్టు అడిగేవాడు ఉంటాడా అని దాని నోరు మూయించాడు.

జీవితమంతా బిగించినవాడే గానీ విప్పినవాడు కాదు. విప్పడానికి ఎంత బలం చాలుతుందో తెలియక ఉన్న బలమంతా పెట్టాడు. టింగుమంది. స్ప్రింగు గాల్లోకి లేచింది. లేవడం అతను చూశాడు, పడటం చూడలేదు.

నేలంతా దేవులాడాడు. ఇంతలో మెట్ల మీద ఆవిడ మాట వినబడింది. స్ప్రింగు లేకుండానే బిళ్ళలు పెట్టి, మర తిప్పేసి, తేలు కుట్టిన దొంగలా వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

ఆవిడ వచ్చీ రాగానే మిషను ముందు కూర్చుని ఒక కర్టెను అంచు కుట్టింది. బట్ట తిరగేసి చూసుకుంది. అడుగున దారం ఉంగరాలు ఉంగరాలుగా వేలాడుతోంది.

"ఏవండీ, పైదారానికి పట్టు లేదేమిటి?"

"పాతబడిన మిషను కదోయ్. వయసొస్తే మనుషులకే పట్టు తప్పుతుంది."

"పొద్దున బాగానే ఉంది."

"వయసు అలాగే వస్తుంది, చెప్పాపెట్టకుండా."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. మిషను పక్కనున్న సూదుల పెట్టెలోకి ఒకసారి చూసింది. లేచి వెళ్ళి టీ పెట్టుకుంది. మిషనులోంచి పోయిన టెన్షన్ అంతా వచ్చి బిగింపురావు ముఖంలో చేరింది.

మర్నాడు పొద్దున్నే అతను చీపురు పట్టుకున్నాడు.

"ఇదేమిటండీ కొత్తగా?"

"ఇల్లు తుడుస్తున్నాను. తుడవకూడదా?"

"నిక్షేపంగా తుడవండి. పెళ్ళయినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాను."

హాలు తుడిచాడు. తుడిచిన చెత్తను పడేయకుండా వేళ్ళతో చిక్కుదీసి మరీ చూశాడు. ఆవిడ పక్కనే నిలబడి టీ తాగుతూ గమనించింది.

"బీరువా కింద తుడిచారా?"

"అంత దూరం వెళ్తుందంటావా?"

"ఏది?"

"దుమ్ము."

"దుమ్ముకేమండీ, ఎక్కడికైనా ఎగురుతుంది. పొయ్యి వెనక్కీ వెళ్తుంది, అటక మీదికీ వెళ్తుంది."

నిజమే, ఆ టింగుమన్న చప్పుడు పైకే వెళ్ళినట్టు అతనికి గుర్తొచ్చింది. బీరువా జరిపాడు. పొయ్యి జరిపాడు. పరుపు బాల్కనీలోకి ఈడ్చుకెళ్ళి దులిపాడు. సోఫా దిండ్ల గలీబులన్నీ ఊడదీసి తిరగేశాడు, అవి ఎలాగూ ఊడదీశారు కదా అని ఆవిడ ఉతకమంది. కిటికీ ఊచల మధ్య గుడ్డ పెట్టి లాగాడు. ఎప్పుడో పోయిన చెంచా దొరికింది, బొత్తాలు గుప్పెడు దొరికాయి, పనిమనిషి తీసిందని తను నింద వేసిన చేతిగడియారం కూడా దొరికింది. స్ప్రింగు మాత్రం దొరకలేదు. గడియారాన్ని గుట్టుగా జేబులో వేసుకుని నిచ్చెన ఎక్కాడు.

మెరుపు పెట్టె పట్టుకుని వచ్చేసరికి బల్ల, మిషను తప్ప ఇంట్లో సామానంతా వరండాలో ఉంది.

"ఇల్లు మారుతున్నారా అక్కా?"

"లేదు, నువ్వొస్తున్నావని మీ బావ ఇల్లు శుభ్రం చేస్తున్నారు."

మెరుపు అటక మీదున్న బావ కాళ్ళవైపు చూశాడు. "నేనంటే ఇంత అభిమానమని తెలియదు బావా. ఆ గట్టు మీద నేనన్న మాట మనసులో పెట్టుకున్నావనే అనుకున్నాను."

అటక మీంచి తుమ్ము వినబడింది. కాసేపటికి బిగింపురావు దిగాడు. జుట్టు, మీసం, కనుబొమలు అన్నీ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. ఖాళీ హాలు మధ్యలో, అద్దంలా మెరుస్తున్న నేలమీద చతికిలపడ్డాడు.

ఆవిడ సూదుల పెట్టె తెచ్చి అతని ముందు పెట్టింది. కిందపడ్డ సూదులు ఏరుకోవడానికి అందులో ఓ అయస్కాంతం ఎప్పుడూ ఉంటుంది. దాని ఒంటినిండా గుండుసూదులు అంటుకుని ఉన్నాయి, వాటి మధ్యన స్ప్రింగు ఉంది.

"మీరు వెతుకుతున్న దుమ్ము ఇదేనా?"

బిగింపురావు స్ప్రింగును చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. "ఎప్పుడు దొరికింది?"

"నిన్న టీ పెట్టుకోకముందే."

"మరి నిన్ననే చెప్పొచ్చు కదా?"

"చెప్పబోయాను. ఇంతలో అటక గుర్తొచ్చింది."

మెరుపు నవ్వాపుకోలేక వరండాలోకి వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. ఆవిడ స్ప్రింగును మిషనులో పెట్టి, మరను రెండు వేళ్ళతో అలవోకగా తిప్పి, వచ్చి మొగుడి పక్కన కూర్చుంది.

"అడిగితే దారం నేను పట్టుకోనా? ఇంత రాద్ధాంతం ఎందుకండీ?"

"నువ్వెందుకు పట్టుకుంటావు? కర్ర విరిగితేనే కదా నీకు బల్ల వచ్చేది."

"బల్ల కోసం మిమ్మల్ని మళ్ళీ ఆ గట్టు మీద నవ్వులపాలు చేస్తానా?"

"నిరుడు నువ్వూ నవ్వావు."

"నవ్వాను. కానీ మిగతావాళ్ళు నవ్వుతుంటే ఒళ్ళు మండింది. మిమ్మల్ని చూసి నవ్వే హక్కు వాళ్ళకెక్కడిది, అది నాది."

బిగింపురావుకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది, రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేక కర్ర తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దారాన్ని చూపుడువేలికి ఒక మెలిక తిప్పుకుని బొటనవేలితో నొక్కి పట్టింది. అతను కర్ర తిప్పడం మొదలుపెట్టాడు.

"ఇంకాస్త బిగించు."

"మీరు తిప్పండి."

"వదులుగా ఉందోయ్."

"చుట్టు పక్కన చుట్టు పడుతోందా లేదా? తిప్పండి."

చుట్లు ఒకదాన్నొకటి ఆనుకుని, సందు లేకుండా, ఒకదాని మీదికొకటి ఎక్కకుండా వరసగా పడ్డాయి. మొదటి రింగు అయ్యాక ఆవిడ దాన్ని బొటనవేలితో పక్కకు నెట్టింది. రింగు వెంట్రుకవాసి కదిలింది. బిగింపురావు ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"కదులుతోంది," అన్నాడు.

"కదలాలి. లేకపోతే రింగులన్నీ ఒక వరసలోకి ఎలా తెస్తారు? గట్టిపడేది తర్వాత, వార్నిషు పీల్చుకున్నాక. రాయిలా బిగిస్తే వార్నిషు లోపలికెలా వెళ్తుంది?" ఆవిడ నిరుడు విరిగిన ముక్క తెచ్చి చూపించింది. సరిగ్గా దారం అంచు దగ్గర కర్ర నొక్కుకుపోయి, అక్కడే విరిగి ఉంది. "ఇది చేప విరిచింది కాదు, మీరు విరిచింది. దారం కర్రను పట్టుకోవాలి గానీ కొరకకూడదు. తెగేదాకా లాగొద్దని పెద్దలు ఊరికే అన్నారా?"

అతను ఆ ముక్కను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఏడాదిగా తిట్టిపోసిన వదులుతనానికి ఇందులో పాత్రే లేదని ఒప్పుకోవడానికి అతనికి ఆ మాత్రం సమయం పట్టింది. తర్వాత మళ్ళీ కర్ర తిప్పాడు. సాయంత్రానికి రింగులన్నీ అయ్యాయి. వార్నిషు పూసి, ఎవరూ ముట్టుకోకుండా బల్ల మీద ఆరబెట్టారు.

ఆదివారం గట్టు మీద జనం బాగానే వచ్చారు. బిగింపురావు గాలానికి చేప తగిలేసరికి నిరుడు నవ్వినవాళ్ళంతా ముందుగానే నోళ్ళు సిద్ధం చేసుకున్నారు. కర్ర విల్లులా వంగింది. అతను కళ్ళు మూసుకున్నాడు, చెవులు మాత్రం ఫెళ్ళుమనే చప్పుడు కోసం రిక్కించి ఉంచాడు. చప్పుడు రాలేదు. "కళ్ళు తెరవండి, తీగ చుట్టండి," అంది ఆవిడ వెనక నుంచి. చుట్టాడు. చేప ఒడ్డున పడింది. గట్టు గట్టంతా చప్పట్లు కొట్టింది.

బస్సు డ్రైవరు, పోస్టుమాన్, రొట్టెల కొట్టు యజమాని కర్ర చుట్టూ మూగారు. ఒక్కో రింగునూ తడిమి చూశారు.

"ఎవరు చుట్టారండీ ఇంత చక్కగా?" అన్నాడు డ్రైవరు.

బిగింపురావు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కాస్త దూరంలో ఫ్లాస్కులోంచి టీ పోస్తోంది. ఏడాదిగా ఎదురుచూసిన క్షణం, చెయ్యి జారనిస్తే మళ్ళీ రాదు.

"ఇంట్లోనే చుట్టాం," అన్నాడు. కాసేపాగి, "చుట్టాను," అన్నాడు. ఇంకాసేపాగి, "మీవి కూడా తీసుకురండి, చుట్టిపెడతాను," అన్నాడు.

పొగడ్త తలకెక్కినవాడికి రేపనేది గుర్తుండదు. సోమవారం సాయంత్రం అతను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ముగ్గురూ కర్రలు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. అందరినీ లోపలికి పిలిచి, బల్ల ముందు దర్జాగా కూర్చుని, డ్రైవరు కర్ర అందుకుని దారం పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"నోట్లో పెట్టుకుంటారేమిటండీ?" అన్నాడు డ్రైవరు.

బిగింపురావు జవాబు చెప్పే స్థితిలో లేడు. బిగువు సరిపోలేదనిపించి కొంచెం కొరికాడు. ఇంకొంచెం కొరికాడు. కర్రలోంచి కిర్రుమని చిన్న మూలుగు వచ్చింది. డ్రైవరు ఆ కర్రను పసిపిల్లను లాక్కున్నట్టు లాక్కున్నాడు.

"ఆదివారం కర్ర మీద పడిన చెయ్యి ఎవరిది? నిజం చెప్పండి."

"అక్కది," అన్నాడు మెరుపు, సోఫాలోంచి లేవకుండానే. ఆదివారం వెళ్ళిపోవాల్సినవాడు చప్పట్లు చూసి మరో వారం ఉండిపోయాడు.

ముగ్గురూ కర్రలు పట్టుకుని ఆవిడ దగ్గరికెళ్ళారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, వచ్చి బల్ల ముందు నిలబడి, మొగుడు లేచేదాకా ఆగింది.

"ఇది నేను గెలుచుకున్న బల్ల," అన్నాడు బిగింపురావు కూర్చున్నచోటి నుంచే.

"మీరు గెలవలేదండీ, గాలపుకర్రలు గెలిచాయి. బల్ల శాశ్వతంగా వాటిదే, వేరే ఏదీ పెట్టకూడదన్నారు. మీ మోచేతులు తీయండి."

అతను సాక్షి వైపు చూశాడు. "అవును బావా, సరిగ్గా అలాగే అన్నావు," అన్నాడు సాక్షి.

వారం తిరిగేసరికి ఊళ్ళో సగం కర్రలు ఆ బల్ల మీదికి చేరాయి. పందెం ప్రకారం గుడ్డముక్క పడకూడదు కాబట్టి ఆవిడ డాక్టరమ్మ కర్టెన్లను పడకగదిలో మంచం మీద పరుచుకుంది. మంచం గురించి పందెంలో ఎవరూ ఏమీ అనలేదు. ఆస్పత్రి కిటికీలు పక్కకు జరిగితే గానీ బిగింపురావుకు పడుకోవడానికి చోటు దొరకడం లేదు.

ఇంతలో అతనికో దుర్బుద్ధి పుట్టింది. తన కర్ర మీద రింగులన్నీ పెళ్ళాం చేతివే కావడం అతని మనసుకు వెలితిగా ఉంది. కనీసం కొసనున్న ఒక్క రింగైనా తన చేతిదై ఉండాలని, ఎవరూ లేనప్పుడు స్నానాలగదిలో కూర్చుని, దాన్ని కోసేసి, కాస్తే కాస్త బిగువుగా మళ్ళీ చుట్టాడు. దారం కింద కర్ర చిట్లింది. చేపలకు వెళ్ళే ఆదివారం మళ్ళీ దగ్గరకొచ్చేసింది.

హాల్లో వరస ఉంది. డ్రైవరు, పోస్టుమాన్, మరో ఇద్దరు ముఖం తెలియనివాళ్ళు నిలబడి ఉన్నారు. బిగింపురావు కాసేపు తలుపు పక్కన తటపటాయించి, కర్ర పట్టుకుని వరస చివర చేరాడు. ఒక్కొక్కరే కదిలారు. అతని వంతు వచ్చింది. ఆవిడ తలెత్తకుండానే కర్ర అందుకుని, చివరి రింగును బొటనవేలితో నొక్కి చూసింది.

"అయ్యో, ఎవరండీ దీన్ని ఇంత దారుణంగా బిగించింది?"

వెనకాల కొత్తగా వచ్చి నిలబడినవాళ్ళు మెడలు చాచి చూశారు.

"తెలియదండీ," అన్నాడు బిగింపురావు. "కొన్నప్పుడే అలా ఉంది."